గ్రీజు మరిగే కొండ

వెనక చక్రం హబ్‌లోపలే బ్రేకు ఇమిడి ఉండే సైకిళ్ళు కొన్ని ఉంటాయి. హ్యాండిల్ మీద పట్టి లాగడానికి లివర్ ఉండదు, రిమ్ము పక్కన రబ్బరు ముక్కలు ఉండవు. పెడల్‌ను వెనక్కి నొక్కితే హబ్‌లోని భాగాలు దాని గోడలకు ఒరుసుకుని చక్రం ఆగుతుంది. చదునైన వీధుల్లో పేపర్లు వేసే కుర్రాళ్ళకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోయేది. అదే సైకిల్‌ను నిటారు కొండ మీంచి రాళ్ళూ గుంతలూ ఉన్న మట్టిదారిలో రెండు మైళ్ళ పాటు దించితే సంగతి వేరు. హబ్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. లోపలి గ్రీజు కరిగి, మరిగి, పొగై బయటికి వస్తుంది. హబ్ విప్పి, కడిగి, కొత్త గ్రీజు కూరితే తప్ప ఆ సైకిల్ మళ్ళీ కొండెక్కడానికి పనికిరాదు.

కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫ్యాక్స్ అనే చిన్న ఊరి పక్కన, సరిగ్గా అలాంటి దారి ఒకటి ఉంది. దాదాపు రెండు మైళ్ళ దూరంలో 1,300 అడుగులు కిందికి దిగుతుంది. ఒక్కసారి దిగితే హబ్‌లో గ్రీజు మళ్ళీ కూరాల్సిందే కాబట్టి 1970ల్లో అక్కడి సైకిల్ కుర్రాళ్ళు దానికి ‘రీప్యాక్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు నిలిచిపోయింది. నేడు ప్రపంచమంతటా కోట్లలో అమ్ముడయ్యే మౌంటెన్ బైక్ పుట్టిన చోటు ఏదని అడిగితే ఎక్కువమంది చూపించేది ఈ దారినే.

తెలుగు ఊళ్ళలో సైకిల్‌ను ‘ఓవరాయిలింగ్’కి ఇచ్చిన తరానికి ఈ పని కొత్తేమీ కాదు. షాపతను చక్రాలు ఊడదీసి, కోన్లు విప్పి, బేరింగు గుండ్లను కిరసనాయిల్లో కడిగి, వేలితో గ్రీజు రాసి ఒక్కొక్క గుండునూ మళ్ళీ పేర్చేవాడు. ఏడాదికోసారి చేయిస్తే ఆ సైకిల్‌ను బాగా చూసుకున్నట్టు లెక్క. రీప్యాక్ కుర్రాళ్ళకు అదే పని వారం వారం పడేది. షాపతను లేడు, వాళ్ళే చేసుకోవాలి. మౌంటెన్ బైక్ చరిత్రలో చాలా భాగం ఈ విసుగు పుట్టించే పనిలోంచే వచ్చింది. ఎవరో మేధావి బల్ల ముందు కూర్చుని గీసిన బొమ్మ కాదిది. కొండ మీద ఏది విరిగితే దాన్ని అంతకంటే గట్టిదానితో మారుస్తూ పోగా, పదేళ్ళకు మిగిలిన వస్తువు.

శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళ్తే మరిన్ కౌంటీ. దాని మధ్యలో రెండున్నర వేల అడుగుల పైచిలుకు ఎత్తున టామల్‌పైస్ కొండ నిలబడి ఉంటుంది. స్థానికులకు అది ‘టామ్’. సరదాకి ఈ కొండ దిగడం సైకిళ్ళతో మొదలు కాలేదు. 1896 నుంచి 1930 వరకు దీని మీదికి ఒక రైలు నడిచింది. దారిలో 281 మలుపులున్నాయని, ప్రపంచంలో ఇంత వంకర రైలుదారి మరొకటి లేదని కంపెనీ గొప్పగా చాటుకునేది. ఎక్కేటప్పుడు ఆవిరి ఇంజను లాగేది. దిగడానికి మాత్రం ఇంజను అక్కర్లేని పెట్టెలు కూడా ఉండేవి. యాత్రికులను కూర్చోబెట్టుకుని, బ్రేకు పట్టుకున్న ఒక్క మనిషిని నమ్ముకుని, వాలు మీద అవి వాటంతట అవే జారి కిందికి వచ్చేవి. 1929లో కొండ మీద కార్చిచ్చు రేగింది. అప్పటికే మోటారు కార్లు ప్రయాణికులను లాక్కున్నాయి. మరుసటేడు రైలు ఆగిపోయింది, పట్టాలు పీకేశారు. ఆ దారి మట్టిబాటగా మిగిలింది. ఈనాటికీ సైకిళ్ళవాళ్ళు ఎక్కే ప్రధాన మార్గాల్లో అదొకటి.

ఇంకోపక్క, ఆ చుట్టుపక్కల ఊళ్ళకు తాగునీరిచ్చే చెరువుల పరీవాహక ప్రాంతమంతా ప్రభుత్వ నీటి సంస్థ చేతిలో ఉంది. అడవి అంటుకుంటే నీళ్ళ బండ్లు చేరుకోవడానికి ఆ గుట్టల మీద వెడల్పాటి మట్టిరోడ్లు కొట్టారు. వాటిని ఫైర్ రోడ్లంటారు. ఇళ్ళుండవు, వాహనాలు తిరగవు, మైళ్ళకు మైళ్ళు ఖాళీ దారులు. ఊరి పొలిమేరలోనే అలాంటి దారులుండటం మరిన్ కుర్రాళ్ళ అదృష్టం.

సైకిళ్ళు మాత్రం పాతసామాను కుప్పల్లోంచి వచ్చాయి. 1933లో షికాగోలోని ష్విన్ కంపెనీ అమెరికా పిల్లల సైకిళ్ళకు రెండంగుళాల పైన వెడల్పున్న బెలూన్ టైర్లు తెచ్చింది. మోటారు సైకిల్‌ను పోలిన రూపం, బరువైన ఉక్కు ఫ్రేము, వెడల్పాటి హ్యాండిలు, హబ్‌లో బ్రేకు. ఇరవయ్యేళ్ళు ఒక వెలుగు వెలిగి, తేలికపాటి ఇంగ్లీషు సైకిళ్ళు రాగానే అవి షెడ్లలోకి, అక్కణ్ణుంచి తుక్కు దుకాణాల్లోకి చేరాయి. 1970ల తొలినాళ్ళలో మరిన్‌లోని లార్క్‌స్పర్ ప్రాంతపు కుర్రాళ్ళు కొందరు వాటిని అయిదూ పది డాలర్లకు కొని, మడ్‌గార్డులూ చైన్‌కవర్లూ పీకేసి, టామ్ మీంచి దించడం మొదలుపెట్టారు. విరిగితే పారేసి ఇంకోటి కొనుక్కునేవారు. వీటికి ‘క్లంకర్లు’ అని పేరు. డొక్కు సైకిళ్ళన్నమాట.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు వేరే రకం. ‘వెలో క్లబ్ టామల్‌పైస్’ అనే రోడ్డు రేసుల సంఘంలో సభ్యులు వాళ్ళు. పల్చటి టైర్ల ఇటాలియన్ సైకిళ్ళ మీద వందల మైళ్ళు తొక్కేవారు. ప్రతి మరనూ గ్రాముల లెక్కన తూచుకునే మనుషులు, సెలవు రోజున ఇరవై కిలోలకు పైబడిన డొక్కు సైకిళ్ళు ఎక్కి అల్లరి చేసేవారు. జో బ్రీజ్ 1973లో శాంటా క్రూజ్ వెళ్ళి 1941 నాటి ష్విన్ తయారీ సైకిలొకటి అయిదు డాలర్లకు తెచ్చుకున్నాడు. అతని తండ్రి యంత్రాల పని తెలిసినవాడు, కార్ల షెడ్డు నడిపేవాడు. కొడుకు ఫ్రేములు అతకడం నేర్చుకున్నాడు. గ్యారీ ఫిషర్ మంచి రేసరే గానీ, జుట్టు పొడుగ్గా పెంచాడని పందేల నిర్వాహకులు కొన్నేళ్ళు అతన్ని దగ్గరికి రానివ్వలేదు. చార్లీ కెల్లీ ‘సన్స్ ఆఫ్ చాంప్లిన్’ అనే రాక్ బృందానికి సామాన్లు మోసి, వేదిక సర్దే పని చేసేవాడు. ఫిషర్, కెల్లీ ఒకే ఇంట్లో అద్దెకుండేవారు. ఓటిస్ గై, మార్క్ వెండెట్టీ, ఆలన్ బాండ్స్, ఫ్రెడ్ వుల్ఫ్, లారీ క్రాగ్, వెండీ క్రాగ్ ఆ జట్టులోని మరికొందరు. వెండీ దాదాపు ప్రతి సవారీకీ కెమెరా మోసుకెళ్ళేది. అప్పటి సైకిళ్ళు, మనుషులు, దుమ్ము ఎలా ఉండేవో ఇవాళ తెలుస్తున్నదంటే అందులో పెద్ద వాటా ఆమె తీసిన ఫొటోలదే.

ఏ ఫ్రేము కొండకు తట్టుకుంటుందో వీళ్ళకు అనుభవం మీద తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ష్విన్ చేసిన ‘ఎక్సెల్సియర్’ ఫ్రేముకు గిరాకీ పెరిగింది. దాని ముందు ఫోర్కు బాగా వాలి ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. అందుకే నిటారు దిగుడులో ముందుకు బోర్లా పడెయ్యదు. పిల్లలు పేపర్లు వేసుకోవడానికి గీసిన కొలతలు కొండ దిగడానికి అంతగా కుదరడం కాకతాళీయమే. కొన్నేళ్ళ తర్వాత కొత్త ఫ్రేములు అతికేటప్పుడు కూడా ముందు టేపు పెట్టి కొలిచింది ఆ తుక్కు ఎక్సెల్సియర్‌నే.

అందరూ కలిసి దిగేటప్పుడు ఎవడు గొప్ప అన్న గొడవ తప్పదు కదా. ఇరుకు మలుపుల్లో పక్కపక్కనే దూసుకెళ్తే ఎముకలు విరుగుతాయి. అందుకని ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలి, గడియారంతో తేల్చుకుందామనుకున్నారు. 1976 అక్టోబరు 21న మొదటి రీప్యాక్ పందెం జరిగింది. కాలం కొలవడానికి వాళ్ళ దగ్గరున్నవి ఒక అలారం గడియారం, నౌకాదళం వాడి పక్కన పెట్టిన పాత క్రోనోమీటరు. పైన బయల్దేరిన సమయం రాసుకుని, కింద చేరిన సమయంలోంచి తీసేసేవారు. ఆ రోజు గెలిచింది ఆలన్ బాండ్స్. పడకుండా కిందికి చేరడమే అతన్ని గెలిపించిందని పాతవాళ్ళు చెప్పుకుంటారు.

నిర్వహణ అంతా కెల్లీది. ఎవరెవరు ఎన్ని నిమిషాల్లో దిగారో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టేవాడు. కొత్తవాళ్ళను, నిదానస్తులను ముందు వదిలేవాడు, రెండు నిమిషాలకొకరు చొప్పున. హేమాహేమీలు చివర్లో. దారిలో మలుపులకు పేర్లు పడ్డాయి. ఫొటోలు తీసేవాళ్ళు గుమిగూడే చోటు ‘కెమెరా కార్నర్’. మార్క్ వెండెట్టీ మొహం రాళ్ళకు తగిలిన చోటు ‘వెండెట్టీస్ ఫేస్’. చరిత్రలో చోటు సంపాదించుకోవడానికి ఇంతకంటే తేలిక దారులు చాలా ఉన్నాయి.

1976 నుంచి 1984 దాకా మొత్తం 24 పందేలు జరిగాయి. మధ్యలో కొన్నేళ్ళ విరామం ఉంది. చివరి రెండూ 1983, 84ల్లో. అన్నింటిలోకీ తక్కువ సమయం గ్యారీ ఫిషర్‌ది, 4 నిమిషాల 22 సెకన్లు. రెండు సెకన్లు వెనకగా జో బ్రీజ్. ఆడవాళ్ళలో వెండీ క్రాగ్ 5 నిమిషాల 27 సెకన్లలో దిగింది. సగటు వేగం లెక్క కడితే ఫిషర్ గంటకు 40 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చాడు. స్ప్రింగుల్లేని సైకిల్, రాళ్ళ దారి, కాళ్ళకు జీన్సు ప్యాంటు, చాలామందికి తలకు హెల్మెట్ కూడా లేదు.

దిగడం సరే, ఎక్కడం? ఒకే గేరున్న ఇరవై కిలోల ఇనుము. తోసుకుంటూ ఎక్కాలి, లేదా ఎవరిదైనా ట్రక్కు దొరకాలి. దీనికి జవాబు మరిన్‌లో పుట్టలేదు. 1974 డిసెంబరు 1న మరిన్‌లోని మిల్ వ్యాలీలో ఒక సైక్లోక్రాస్ పందెం జరిగింది. బురదలో, గడ్డిలో రోడ్డు సైకిళ్ళతో చేసే యూరపు పద్ధతి పోటీ అది. దానికి దక్షిణాన కుపర్టినో నుంచి ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. కుపర్టినో అంటే నేటి తెలుగు కుటుంబాలకు ఆపిల్ కంపెనీ, పిల్లల బడులు, ఇళ్ళ ధరలు గుర్తుకొస్తాయి. అప్పట్లో అక్కడ పండ్ల తోటలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ కుర్రాళ్ళ సంఘం పేరు ‘మారో డర్ట్ క్లబ్’. మారో అనేది మళ్ళీ ఒక హబ్ బ్రేకు పేరే! వాళ్ళు తెచ్చినవి బెలూన్ టైర్ల డొక్కు సైకిళ్ళే గానీ వాటికి గేర్లున్నాయి, చేతి బొటనవేలితో మార్చే లివర్లున్నాయి, డ్రమ్ము బ్రేకులున్నాయి. ఆ పని చేసినవాళ్ళలో రస్ మేహన్ ముఖ్యుడు. వాళ్ళు పందెం తొక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఈ కథలో మళ్ళీ కనబడరు. బ్రీజ్, ఫిషర్ అక్కడే ఉన్నారు. కళ్ళతో చూశారు.

కొన్నాళ్ళకు ఫిషర్ తన క్లంకర్‌కు గేర్లు బిగించాడు. ఇద్దరు తొక్కే ట్యాండెమ్ సైకిల్ నుంచి డ్రమ్ము బ్రేకు తీశాడు. మోటారు సైకిల్ బ్రేకు లివర్లు పెట్టాడు, ఎందుకంటే గతుకుల్లో రెండు వేళ్ళతో నొక్కినా బ్రేకు పడాలి. సీటు ఎత్తు దిగేటప్పుడు తగ్గించి, ఎక్కేటప్పుడు పెంచుకునేందుకు పానా అక్కర్లేని బిగింపు పెట్టాడు. అన్నీ వేరే వేరే బండ్లవి. విడిగా చూస్తే ఒక్కటీ కొత్త వస్తువు కాదు. మొత్తం కలిస్తే మాత్రం కొండ దిగగలిగిన సైకిల్ కొండ ఎక్కగలిగేదీ అయింది. ఇక ట్రక్కు అవసరం తప్పింది. పొద్దున్నే బయల్దేరి రోజంతా కొండల్లో తిరిగి రావచ్చు. పందెం సరదా కాస్తా విహారమైంది నిజానికి ఇక్కడే. రికార్డుల కంటే ఈ మార్పే పెద్దదని చెప్పాలి.

అయితే అరువు సామాను ఎన్ని బిగించినా ఫ్రేము పాతదే. ముప్పయ్యేళ్ళ కిందటి ఉక్కు గొట్టాలు అతుకుల దగ్గర పగిలేవి. ఫోర్కులు వంగేవి. ఎక్సెల్సియర్లు అందరూ వెతుకుతుండటంతో తుక్కు ధరలూ పెరిగాయి. కెల్లీ వెళ్ళి జో బ్రీజ్‌ను అడిగాడు, ఈ పనికే ప్రత్యేకంగా ఒక ఫ్రేము చేసిపెట్టమని. 1977లో బ్రీజ్ మొదటిది పూర్తి చేశాడు. కొలతలు ఎక్సెల్సియర్‌వి, గొట్టాలు విమానాల్లో వాడే రకం క్రోమ్-మాలిబ్డినమ్ ఉక్కువి, ఇరుపక్కలా బలానికి అదనంగా రెండు సన్న గొట్టాలు, అన్నీ కొత్త భాగాలే. బరువు 38 పౌండ్లు, అంటే 17 కిలోలు. తొలి సైకిల్ తనకే ఉంచుకుని రీప్యాక్‌లో దాని మీద దిగి గెలిచాడు. 1978 నాటికి ఇంకో తొమ్మిది చేసి మిత్రులకిచ్చాడు. కొండదారుల కోసమే మొదటి నుంచి చివరిదాకా చేసిన తొలి సైకిళ్ళుగా ఈ పదింటినీ లెక్కిస్తారు. మొదటిది ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది.

అదే సమయంలో వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన, కొలరాడో రాష్ట్రంలోని క్రెస్టెడ్ బ్యూట్ అనే గనుల ఊళ్ళో వేరే గుంపు డొక్కు సైకిళ్ళు తొక్కుతోంది. మరిన్ వాళ్ళ గురించి వీళ్ళకు తెలియదు. 1976లో యాస్పెన్ నుంచి కొందరు మోటారు సైకిళ్ళ మీద పన్నెండు వేల అడుగుల పైన ఉన్న పర్ల్ పాస్ కనుమ దాటి వచ్చి గొప్పలు పోయారట. పరువు నిలబెట్టుకోవడానికి ఊరివాళ్ళు ఒకే గేరు సైకిళ్ళ మీద అదే కనుమ దాటి యాస్పెన్ వెళ్ళారు. తొక్కింది కొంత, తోసింది చాలా. మధ్యలో గుడారాలు వేసి తాగింది ఎంతో చెప్పనక్కర్లేదు. 1978లో ఈ సంగతి విని కెల్లీ, ఫిషర్, బ్రీజ్, వెండీ క్రాగ్, మైక్ కాస్టెల్లీ అక్కడికి వెళ్ళారు. ఊరివాళ్ళ సైకిళ్ళు నిజంగా డొక్కువి. కాలిఫోర్నియా వాళ్ళవి గేర్లు, మంచి బ్రేకులు ఉన్నవి. ఒకే పిచ్చి ఉన్న రెండు గుంపులు మొదటిసారి కలిసింది ఆ కొండ మీదే.

కొండల్లో సైకిల్ తొక్కడం అంతకుముందు ఎవరూ చేయలేదా అంటే, చేశారు. 1897లో అమెరికా సైన్యంలోని 25వ పదాతి దళానికి చెందిన నల్లజాతి సైనికులు ఇరవై మంది, లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ వెంట మాంటానాలోని మిసౌలా నుంచి సెయింట్ లూయిస్‌కు 1,900 మైళ్ళు సైకిళ్ళ మీద వెళ్ళారు. 41 రోజులు పట్టింది. వాళ్ళలో జాన్ ఫిండ్లీ అనే సైనికుడు సైకిళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన మెకానిక్. అతనే లేకపోతే ఆ దళం రాకీ పర్వతాలు దాటేది కాదేమో. ఇంగ్లండులో 1955లో ఏర్పడ్డ ‘రఫ్ స్టఫ్ ఫెలోషిప్’ అనే సంఘం మామూలు టూరింగ్ సైకిళ్ళనే గుట్టల మీదికి మోసుకెళ్ళేది. పారిస్ శివార్లలో 1950ల్లోనే కొందరు కుర్రాళ్ళు సైకిళ్ళకు స్ప్రింగు ఫోర్కులు కూడా బిగించారు. కాబట్టి ‘మొదటివాళ్ళు మేమే’ అనే హక్కు మరిన్‌కు దక్కదు. కానీ ఆ ముచ్చట్లన్నీ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. మరిన్‌లో మొదలైంది మాత్రం దుకాణాల్లోకి నడిచింది. ఆ తేడాకు కారణం డబ్బు కూడా.

1979లో ఫిషర్, కెల్లీ చేతిలో ఉన్న కొద్దిపాటి డాలర్లతో ఒక వ్యాపారం మొదలుపెట్టారు. దాని పేరు ‘మౌంటెన్‌బైక్స్’. ఫ్రేములు చేసిచ్చింది టామ్ రిచీ. టీనేజీలోనే ఫ్రేములు అతికి పేరు తెచ్చుకున్నవాడు, పని వేగం కూడా ఎక్కువ. తనకు మిగిలిన తొమ్మిది ఫ్రేములను అమ్మిపెట్టమని ఫిషర్‌కిచ్చాడు. కథ అక్కడ మొదలైంది. పూర్తి సైకిల్ ధర 1,300 డాలర్ల దాకా పలికేది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. ‘మౌంటెన్‌బైక్స్’ అన్న పేరును తమదిగా నమోదు చేసుకోవాలని ప్రయత్నించారు గానీ సాగలేదు. దాంతో అది ఆ జాతి సైకిళ్ళన్నిటికీ పేరైపోయింది, ఎవరైనా వాడుకోవచ్చు. 1980లో కెల్లీ, డెనిస్ కారమాగ్నో కలిసి ‘ఫ్యాట్ టైర్ ఫ్లయర్’ పేరుతో చిన్న పత్రిక పెట్టారు. కార్టూన్లు, సవారీ కథలు, రిపేరు సలహాలు, ఎత్తిపొడుపులు. 1987 దాకా నడిచింది.

అప్పుడు దిగింది అసలైన వ్యాపారం. స్పెషలైజ్డ్ కంపెనీ యజమాని మైక్ సిన్యార్డ్ మరిన్ సైకిళ్ళు చూసి, అలాంటివి జపానులో తయారు చేయించి 1981లో ‘స్టంప్‌జంపర్’ పేరుతో 750 డాలర్లకు అమ్మాడు. చేతిపని సైకిల్ ధరలో సగానికి కాస్త ఎక్కువ. మరుసటేడాదికల్లా జపాను భాగాల కంపెనీలు షిమానో, సన్‌టూర్ కొండ సైకిళ్ళ కోసమే గేర్లు, బ్రేకులు చేయడం మొదలెట్టాయి. షిమానో ‘డియోర్ ఎక్స్‌టీ’ అనే వరస పుట్టింది అప్పుడే, ఇప్పటికీ అమ్ముడవుతోంది. మోటారు సైకిల్ లివరు కోసం, ట్యాండెమ్ బ్రేకు కోసం తుక్కు వెతికే రోజులు అంతటితో సరి. 1990లో కొలరాడోలోని డురాంగోలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు జరిగాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో కొండ సైకిలూ చేరింది. నెదర్లాండ్స్‌కు చెందిన బార్ట్ బ్రెంట్యెన్స్, ఇటలీకి చెందిన పావోలా పెట్సో తొలి బంగారు పతకాలు తీసుకున్నారు. డొక్కు సైకిల్ ఒలింపిక్స్‌కి చేరడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

ఈలోగా సైకిల్ బాగుచేసే పనే మారిపోయింది. జో బ్రీజ్ 1980ల నడుమ ‘హైట్-రైట్’ అనే చిన్న స్ప్రింగు అమ్మాడు. దిగేముందు బిగింపు వదులు చేస్తే సీటు కిందికి పోతుంది, మళ్ళీ వదులు చేస్తే అదే పైకి లేచి మునుపటి ఎత్తుకు వస్తుంది. ఏమీ తెలియనివాడు కూడా అరగంటలో బిగించుకోగలడు. ఇవాళ అదే పని చేసే డ్రాపర్ పోస్టుల్లో లోపల గ్యాసు, నూనె ఉంటాయి. చెడితే చాలావాటిని ఇంట్లో విప్పలేరు. మోటారు సైకిల్ రంగం నుంచి వచ్చిన పాల్ టర్నర్ 1989 ప్రాంతంలో ‘రాక్‌షాక్స్’ ఫోర్కు తెచ్చాడు. దాంతో ముందు చక్రానికి షాక్ అబ్జార్బర్ వచ్చింది, దాని వెంట సీళ్ళు, నూనె మార్పిడి. తర్వాత వచ్చిన డిస్కు బ్రేకుల్లో గాలి బుడగ చేరితే సిరంజితో నూనె ఎక్కించి తీయాలి. ట్యూబు లేని టైర్లకు లోపల పాలలాంటి ద్రవం పోస్తారు. ముల్లు దిగినా అదే గడ్డకట్టి రంధ్రం మూసేస్తుంది, కానీ కొన్ని నెలలకు ఎండిపోతుంది. మళ్ళీ పొయ్యాలి.

అన్నీ మంచి మార్పులే, సందేహం లేదు. రీప్యాక్ దారిని ఇప్పటి సైకిల్ మీద దిగినవాడు హబ్ గురించి ఆలోచించడు. కానీ ఈ సైకిళ్ళను కనిపెట్టిన గుంపు నైపుణ్యమంతా పానా, సుత్తి, కడిగిన గుండ్లు, కొత్త గ్రీజులో ఉండేది. వాళ్ళ పెరళ్ళలో ఆ పని జరిగేటప్పుడే సగం కబుర్లు, సగం కొత్త ఆలోచనలు పుట్టాయి. ఇవాళ్టి సవారీ మిత్రులు ఆదివారం కలిసేది కొండ దగ్గరే. సైకిల్ బాగుచేసేది వేరే రోజు, వేరే మనిషి. తొక్కేవాళ్ళ చేతిలో మిగిలిన పని చైను తుడిచి నూనె వేయడం, గాలి ఎంతుందో చూసుకోవడం, బ్రేకు ప్యాడ్లు అరిగితే మార్చడం. అది కూడా శ్రద్ధగా చేసేవాళ్ళ సంగతి.

ఇక దారుల సంగతి. పది మంది కుర్రాళ్ళు కొండ దిగినంత కాలం ఎవరూ పట్టించుకోలేదు. వేలమంది వచ్చేసరికి నడిచేవాళ్ళకు, గుర్రాలెక్కేవాళ్ళకు కోపం వచ్చింది. ఆ కోపంలో కొంత న్యాయముంది. మలుపు తిరగ్గానే ఎదురుగా వేగంగా వచ్చే సైకిల్ కనబడితే ముసలివాళ్ళు, గుర్రాలు బెదరకుండా ఉంటాయా? మరిన్‌లో సన్నటి కాలిబాటల్లో చాలావాటిని సైకిళ్ళకు మూసేశారు. వెడల్పాటి ఫైర్ రోడ్ల మీద గంటకు 15 మైళ్ళ వేగ పరిమితి పెట్టారు. అటవీ సిబ్బంది రాడారుతో కొలిచి జరిమానాలు వేయడం కూడా చూశారు జనం. ఆ పరిమితి పాటిస్తే రీప్యాక్ దిగడానికి ఎనిమిది నిమిషాలు పట్టాలి. ఫిషర్ రికార్డు ఈ లెక్కన నేరమే. జాతీయ స్థాయిలో 1984లో అమెరికా ఫారెస్ట్ సర్వీస్ ‘వైల్డర్‌నెస్’గా గుర్తించిన అడవుల్లో సైకిళ్ళను పూర్తిగా నిషేధించింది.

తమ దారులు పూర్తిగా పోతాయన్న భయంతో 1988లో కాలిఫోర్నియాలోని అయిదు సంఘాలు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైసిక్లింగ్ సంఘంగా ఏర్పడ్డాయి. ‘ఐఎంబీఏ’ అనే పేరుతో అది ప్రసిద్ధం. నిషేధాలకు ఎదురు వాదించడం ఒక పని. దారులను స్వయంగా బాగుచేయడం రెండోది. వాన నీరు బాట మీద నిలిచినా, బాట వెంట పారినా మట్టి కోసుకుపోతుంది. అందుకని బాట బయటి అంచును కాస్త వాలుగా ఉంచాలి, నీరు అడ్డంగా జారిపోవాలి. బురదలో బ్రేకు గట్టిగా పట్టి చక్రం ఈడ్చితే ఆ చాళ్ళలోనే తర్వాతి వాన నీరు పారుతుంది. ఇవన్నీ సైకిళ్ళవాళ్ళు పార, గునపం పట్టుకుని నేర్చుకున్నారు. చక్రానికి బెండు తీసే పనిని షాపుకు వదిలేసిన మనుషులే బాటకు బెండు తీసే పనికి సెలవు రోజుల్లో వస్తున్నారు. మిత్రబృందం కలిసి చేసే మరమ్మతు సైకిల్ మీంచి నేల మీదికి మారిందన్నమాట.

ఫెయిర్‌ఫ్యాక్స్ పక్కనే దీనికొక మంచి ఉదాహరణ ఉంది. టామరాంచో అనేది బాయ్ స్కౌట్స్ శిబిరం, సొంత భూమి. ప్రభుత్వ భూముల్లో కాలిబాటలు మూసేసినా, స్కౌట్సు తమ అడవిలో సన్నటి బాట మీద సైకిళ్ళకు అనుమతిచ్చారు, ఒక షరతుతో. పాసు కొనుక్కోవాలి. ఆ డబ్బు శిబిరానికి, బాటల నిర్వహణకు వెళ్తుంది. మరమ్మతుకు స్వచ్ఛంద బృందాలు వస్తాయి. టామ్ కొండ చుట్టూ సన్నబాట కోసం తహతహలాడే వాళ్ళలో చాలామందికి దిక్కు అదే.

1988లో క్రెస్టెడ్ బ్యూట్‌లో మొదలైన మౌంటెన్ బైక్ హాల్ ఆఫ్ ఫేమ్ 2015లో ఫెయిర్‌ఫ్యాక్స్‌కు, మరిన్ సైకిళ్ళ మ్యూజియంలోకి మారింది. పంతొమ్మిదో శతాబ్దపు పెద్ద చక్రాల సైకిళ్ళ దగ్గర్నుంచి క్లంకర్ల దాకా అక్కడ చూడవచ్చు. దాని క్యురేటర్ జో బ్రీజ్.